రేడియం షీటు బ్లాక్ లైట్ కింద ఎందుకు వెలగలేదు, మరేం కొనాలి

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నని నాలుగు ముక్కల్లో చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. ఒడిశా పర్లాకిమిడిలో పిల్లల ఆటల హాలు ఒకటి తెరుస్తున్నారు. అందులో ఒక చీకటి గది. బ్లాక్ లైట్లు, అంటే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు వదిలే లైట్లు పెట్టి ఆటల పేర్లు, బాణం గుర్తులు, జాగ్రత్త బోర్డులు మెరిసేలా కావాలన్నారు. తెలుగు, ఒరియా, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ, మొత్తం 11 బోర్డులు. నువ్వు పసుపు రేడియం షీటు తెప్పించి ప్లాటర్ (స్టిక్కర్లు కోసే మెషీన్) మీద కట్ చేసి అంటించావు. తీరా బ్లాక్ లైట్ వేస్తే అక్షరాలు చచ్చినట్టు పడున్నాయి. ఓనరు ఫోన్ టార్చ్ కొడితే మాత్రం భగ్గున మెరిశాయి. షీటు డూప్లికేటా, లైటు డూప్లికేటా, ఇప్పుడేం కొనాలి అని అడిగావు.

రెండూ డూప్లికేట్ కాదు. టార్చ్ కొడితే మెరిసిందన్నావు చూడు, ఆ ఒక్క మాటతోనే రోగం తెలిసిపోయింది.

నేను బరంపురంలో 26 ఏళ్ళుగా బోర్డులు చేస్తున్నాను. కుంచెతో మొదలుపెట్టాను. ఫ్లెక్సు వచ్చాక సగం పని పోయింది, ప్లాటర్ కొన్నాక కొంత తిరిగొచ్చింది. ఈ 26 ఏళ్ళలో నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చిన మాట ఏదంటే రేడియం. మన షాపులకి పేరే రేడియం కటింగ్. బండి నంబరు ప్లేటు మీద అంటించేదీ రేడియమే, పిల్లల గదిలో సీలింగ్‌కి అంటించే నక్షత్రాలూ రేడియమే, ఆర్కెస్ట్రా స్టేజీ మీద మెరిసే రంగు కూడా రేడియమే. హోల్‌సేల్ షాపులో రేడియం ఇవ్వమంటే ఈ మూడింటిలో వాడి చేతికి ఏది అందితే అది ఇస్తాడు. తప్పు వాడిది కాదు.

నిజం రేడియం వీటిలో దేంట్లోనూ లేదు. వందేళ్ళ కిందట గడియారం ముళ్ళకి రేడియం కలిపిన రంగు వేసేవాళ్ళు, అది రాత్రంతా తనంతట తనే వెలిగేది. అమెరికాలో ఆ రంగు వేసే అమ్మాయిలు కుంచె మొన సన్నబడాలని పెదాలతో తడుపుకునేవారు. దవడ ఎముకలు కుళ్ళి చాలామంది చనిపోయారు. ఆ రంగు పోయింది, మనకి పేరొక్కటే మిగిలింది.

నువ్వు కొన్నది బండ్లకి, రోడ్డు బోర్డులకి వాడే షీటు. దాని లోపల కంటికి కనపడని గాజు పూసలుంటాయి. వెలుగు ఎటు నుంచి వస్తే అటే వెనక్కి కొట్టడం వాటి పని. అందుకే హెడ్‌లైటు వెనక కూర్చున్న డ్రైవరుకి మెరుస్తుంది, పక్కన నిలబడ్డవాడికి మెరవదు. టార్చ్ ఫోన్‌లోనే ఉంది, ఫోన్ ఓనరు చేతిలో ఉంది, వెలుగు తిరిగి అతని కళ్ళకే వచ్చింది. బ్లాక్ లైట్ సీలింగ్‌లో ఉంటే వచ్చిన కిరణాల్ని సీలింగ్‌కే పంపిస్తుంది. పంపించినా మన కంటికి కనపడే రంగుగా మార్చి పంపే గుణం దానికి లేదు.

రెండో రకం నక్షత్రాల స్టిక్కరు. ఇది వెలుగు తాగి దాచుకుని, లైటు తీసేశాక మెల్లగా వదులుతుంది. పాత సరుకులో జింక్ సల్ఫైడ్ ఉండేది, కాసేపటికే నీరసించిపోయేది. 1990ల నుంచి స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పొడి వచ్చింది, అది గంటల తరబడి కనపడుతుంది. నీ గదిలో దీనికీ ఒక పని ఉంది, చివర్లో చెప్తాను.

నీకు కావలసింది మూడోది, ఫ్లోరోసెంట్. ఇది ఏమీ దాచుకోదు. కంటికి కనపడని అతినీలలోహిత కిరణం పడుతుంటే దాన్ని కనపడే రంగుగా మార్చి అప్పటికప్పుడే వదిలేస్తుంది. లైటు ఆపితే అదీ ఆగిపోతుంది. ఈ రంగుల్ని 1930లలో కాలిఫోర్నియాలో స్విట్జర్ అనే అన్నదమ్ములు తయారుచేశారు. అన్నకి దెబ్బ తగిలి చీకటి గదిలో పడుకోవలసి వచ్చిందట, ఆ రోజుల్లో మొదలైన సరదా అది. తమ్ముడికేమో గారడీ పిచ్చి, మొదట్లో ఆ రంగులు వాడింది మ్యాజిక్ షోలకే. ఆ రంగుపొడిని దగ్గరగా చూస్తే మామూలు పెయింట్ పొడిలా ఉండదు. అద్దకం రంగుని గట్టి రెజిన్‌లో కలిపి, గడ్డ కట్టించి, పొడి కొడతారు. అద్దకం కాబట్టే ఎండకి త్వరగా వెలిసిపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ అవసరమవుతుంది.

మెటీరియల్ కొనేముందు లైటు చూడు. అందరూ తిరగేసి చేస్తారు.

బ్లాక్ లైట్ పేరుతో బజార్లో నాలుగు రకాలు దొరుకుతాయి. ఆపి ఉన్నప్పుడు కూడా ముదురు వంకాయ రంగులో ఉండే గాజు ట్యూబు ఒకటి. దాని మీద బీఎల్‌బీ అని ఉంటుంది. ఆ నల్లటి గాజు నికెల్ ఆక్సైడ్ కలిపింది. వుడ్ అనే అమెరికా సైంటిస్టు పేరు మీద దాన్ని వుడ్స్ గ్లాస్ అంటారు. కనపడే వెలుగుని ఆపి 365 నానోమీటర్ల (కిరణం తరంగం పొడవుకి కొలత ఇది) చుట్టుపక్కల కిరణాల్ని వదులుతుంది. మంచి సరుకు. రెండోది దోమల్నీ ఈగల్నీ లాగే మెషీన్లలో ఉండే తెల్ల ట్యూబు. దాని మీద బీఎల్ అని మాత్రమే ఉంటుంది. అతినీలలోహితం ఇస్తుంది గానీ నీలి వెలుగు కూడా బోలెడు పోస్తుంది, గది చీకటిగా ఉండదు. మూడోది ఎల్ఈడీ. ఇందులో 365 ఉంది, 395 ఉంది. చౌకగా దొరికేవి ఎక్కువగా 395, 400 రకం. వెలిగిస్తే గదంతా ఊదా రంగు. రంగులు వెలుగుతాయి కానీ ఆ ఊదా పొగలో వెలుగుతాయి. 365 ఖరీదెక్కువ, చూడ్డానికి నీరసంగా ఉంటుంది, అక్షరం మాత్రం గాల్లో తేలినట్టు కనపడుతుంది. నాలుగోది రంగులు మార్చే ఎల్ఈడీ స్ట్రిప్‌ని ఊదా రంగులో పెట్టేసి బ్లాక్ లైట్ అనడం. అది ఎరుపూ నీలమూ కలిపిన రంగు, అందులో అతినీలలోహితం చుక్క కూడా లేదు. నారింజ, ఆకుపచ్చ ఫ్లోరోసెంట్లు నీలి వెలుగుకి కూడా కాస్త స్పందిస్తాయి కాబట్టి కొంచెం మెరిసినట్టనిపించి మోసపోతాం.

ఇంకోటి ఉంది, దాన్ని లెక్కలో వెయ్యను గానీ చెప్పకపోతే పాపం. కరోనా టైములో క్రిములు చంపడానికని 254 నానోమీటర్ల యూవీసీ ట్యూబులు (యూవీ అంటే అతినీలలోహితమే) జనం కొన్నారు. అవి ఇప్పుడు పాత సామాన్ల షాపుల్లో తిరుగుతున్నాయి. గాజు తేటగా, లోపలిదంతా కనపడేలా ఉంటుంది. యూవీ అని రాసుంది కదా అని నాకు తెలిసిన ఒకాయన స్టేజీ డెకరేషన్‌కి పెట్టాడు. పగలు ఏమీ తెలియలేదు. రాత్రి ఇద్దరు కుర్రాళ్ళకి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు, తెల్లారేదాకా నిద్ర లేదు. వెల్డింగ్ వెలుగు చూసినవాళ్ళకి పట్టుకునే బాధే అది. పిల్లలు తిరిగే చోట ఆ ట్యూబు పొరపాటున కూడా వద్దు.

ఓనరు తెచ్చిన లైటు ఏ రకమో ఎలా తెలుస్తుంది? నీ జేబులోనే మీటరుంది. 500 నోటు తీసి ఆ లైటు కింద పెట్టు. మన నోట్ల మీద నంబర్లు ఫ్లోరోసెంట్ సిరాతో వేస్తారు, కాగితంలో సన్నటి పీచులు కూడా కలుపుతారు. లైటు మంచిదైతే నంబరు వెలుగుతుంది, నోటంతా చల్లినట్టు చిన్న చిన్న రంగు పోగులు కనపడతాయి. నోటు మొత్తం ఊదాగా మారి పోగులు కనపడకపోతే అది స్ట్రిప్ లైటే.

ఇదే ఉపాయం తిరగేస్తే మెటీరియల్ పరీక్ష అవుతుంది. కిరాణా షాపుల్లో, పెట్రోలు బంకుల్లో దొంగనోట్లు చూసే చిన్న పెట్టె ఉంటుంది కదా, అది నా దగ్గర ఒకటుంది. విశాఖపట్నం వెళ్ళినా కటక్ వెళ్ళినా సంచిలో వేసుకుంటాను. హోల్‌సేల్ షాపులో నియాన్ రోల్ అని చూపిస్తారు. మూల నుంచి రెండంగుళాల ముక్క అడిగి ఆ పెట్టెలోకి తోసి, వెలుతురు రాకుండా అరచేతులు అడ్డం పెట్టి, కన్ను ఆనించి చూస్తాను. మొదటిసారి షాపతను నవ్వాడు. అతను నియాన్ అని చూపించిన మూడు రోళ్ళలో ఒకటి పెట్టెలో బొగ్గుముక్కలా ఉండిపోయింది. పగటి వెలుగులో మూడూ ఒకేలా కళ్ళు చెదిరేలా ఉన్నాయి. అప్పుడు నవ్వు ఆపి, అతను కూడా వంగి చూశాడు. ప్యాకింగ్ మీద పేరు కన్నా ఆ పెట్టె మాటే నాకు వేదం. ఫోన్ ఫోటోని మాత్రం నమ్మకు. కెమెరా కన్నా మన కన్ను ఊదాని తక్కువ చూస్తుంది. వాట్సాప్‌లో ఒకలా, గదిలో ఇంకోలా కనపడుతుంది.

ఇక మెటీరియల్.

నీ దగ్గర ప్లాటర్ ఉంది కాబట్టి ముందు ఫ్లోరోసెంట్ వినైల్, అంటే వెనక జిగురుండే ప్లాస్టిక్ స్టిక్కరు షీటు. అడిగేటప్పుడు రేడియం అనే మాట నోట్లోంచి రానివ్వకు, ఫ్లోరోసెంట్ వినైల్ అని అడుగు. ఇది మామూలు వినైల్ కన్నా మందం, పెళుసు. పాత బ్లేడుతో కోస్తే అంచులు పళ్ళు పళ్ళుగా వస్తాయి. కొత్త బ్లేడు వెయ్యి, 60 డిగ్రీలది దొరికితే ఇంకా మంచిది. స్పీడు తగ్గించి ఒత్తిడి పెంచు. ముందు చిన్న చదరం, గుండ్రం కోసి పీకి చూసుకో. ఇంగ్లీషు అక్షరాలకి ఇది చాలు. తెలుగు, ఒరియా చిన్న సైజులో అయితే నరకం. వేస్టు పీకేటప్పుడు ఒత్తులూ సున్నలూ దాంతోపాటే లేచొచ్చేస్తాయి. క్ష్మి రాసి చూడు, తెలుస్తుంది.

దీనికి నేను చేసే పని ఒకటుంది. అక్షరాలు కోయను. ఫ్లోరోసెంట్ వినైల్ మీద నల్ల బ్యాక్‌గ్రౌండ్ ప్రింట్ చేయిస్తాను, అక్షరాలు ఖాళీగా వదిలేస్తాను. ఎకో సాల్వెంట్ ఇంకు ప్రింటింగ్ మెషీన్‌లో రెండుసార్లు కొడితే నలుపు గట్టిగా పడుతుంది, కింది రంగు లీకవదు. అక్షరం ఎంత సన్నంగా ఉన్నా, ఒత్తు ఎంత చిన్నదైనా పీకే బాధ లేదు. నీ 11 బోర్డుల్లో జాగ్రత్త బోర్డులూ, ఆట రూల్సూ ఇలాగే చెయ్యి. మామూలు ప్రింటింగ్ ఇంకుతో నియాన్ పసుపు వస్తుందని మాత్రం ఆశపడకు. స్క్రీన్ మీద ఎంత మెరిసినా, మామూలు నాలుగు రంగుల ఇంకు బ్లాక్ లైట్ కింద వెలగదు.

ఇప్పుడు నా సిగ్గు కథ. ఒక ఎగ్జిబిషన్‌లో దెయ్యాల ఇల్లుకి 20 బోర్డులు చేశాను. వినైల్ మంచిది, పెట్టెలో చూసిందే. జనం చేతులతో రుద్దుతారు కదా అని పైన లామినేషన్ చేయించాను. రోల్ మీద యూవీ ప్రొటెక్షన్ అని పెద్ద అక్షరాలతో ఉంది, యూవీకి పనికొచ్చేదే కదా అనుకున్నాను! ఆ లామినేషన్ చేసే పనే అతినీలలోహితాన్ని లోపలికి రానివ్వకపోవడం. రాత్రి ఎనిమిదికి బయట టికెట్ల లైను, లోపల లైట్లు వేశారు, 20 బోర్డులూ మట్టి రంగులో. ఆ రాత్రి నేనూ మా కుర్రాడూ మోకాళ్ళ మీద కూర్చుని హెయిర్ డ్రైయర్‌తో లామినేషన్ ఊడబెరికాం. ఆరు బోర్డులకి వినైల్ కూడా లేచొచ్చేసింది. డబ్బు పోయింది సరే, ఆ ఓనరు ముఖం ఇప్పటికీ గుర్తే. అప్పట్నుంచి పైన ఏ పొర వెయ్యాలన్నా ముందు దాని ముక్కని నోటుకీ లైటుకీ మధ్య పెట్టి చూస్తాను. నంబరు ఆరిపోతే ఆ పొర వద్దు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు కూడా ఇదే ద్రోహం చేస్తుంది, పగలదు కదా అని ముందు బిగించకు. గాజులా ఉండే మామూలు అక్రిలిక్ ప్లాస్టిక్ కూడా కొంత తినేస్తుంది. పిల్లల చేతులకి అందకుండా బోర్డే కాస్త ఎత్తులో పెట్టెయ్, పొర గొడవే ఉండదు.

ఫ్లోరోసెంట్ అక్రిలిక్ మీద నాకు మోజెక్కువ. 3 మిల్లీమీటర్ల కాస్ట్ (అచ్చులో పోసి చేసిన) షీటు తీసుకో. షీటు ముఖం మీద పడ్డ కిరణాలు లోపల రంగు వెలుగుగా మారతాయి. ఆ వెలుగులో చాలాభాగం షీటు లోపలే అటూ ఇటూ తగిలి అంచుల దగ్గర బయటపడుతుంది. అందుకే అంచులు కరెంటు తీగల్లా మండుతూ ఉంటాయి. లేజర్‌తో గీత గీస్తే ఆ గీత కూడా అంచే కాబట్టి అదీ మండుతుంది. బాణం గుర్తులు దీంతో కోయించి సీలింగ్ నుంచి నైలాన్ దారాలతో వేలాడదీస్తే పిల్లలు తలెత్తి చూస్తూ నిలబడిపోతారు. ఎక్స్‌ట్రూడెడ్ (మెషీన్‌లోంచి ఒత్తి తీసిన) షీటు చౌక, కానీ లేజర్ గీత తెల్లగా పొడిపొడిగా రాదు, జిగురుగా కరుగుతుంది. అతికించడానికి మనవాళ్ళు క్లోరోఫాం వాడతారు. వాడితే తలుపు తెరిచి, ఫ్యాను వేసి, సిరంజితో చుక్కలుగా వెయ్యి. కోసిన అంచుని థిన్నర్‌తో తుడవకు, వారం తర్వాత జుట్టులాంటి పగుళ్ళు కనపడతాయి. లేజర్ షాపులో వినైల్, సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ షీటు) ముక్కలు కోసిపెట్టమని అడగకు. అవి పీవీసీ. కాలిస్తే ఆమ్లపు పొగ వస్తుంది. మనిషి ఊపిరితిత్తులకీ మెషీన్‌కీ రెండింటికీ చేటు. పర్లాకిమిడి దాకా 8 బై 4 షీటు బస్సు మీద ఎక్కించడం కూడా పనికాదు. సైజులు రాసుకెళ్ళి అక్కడే కోయించుకుని తెచ్చుకో.

గోడ మీద పెద్ద బొమ్మలుంటే పెయింటు. ఇక్కడ ఒక్క రూలు. కింద తెల్ల కోటు ఉండాలి. నలుపు మీద నేరుగా ఫ్లోరోసెంట్ వేస్తే అది పుట్టించే వెలుగులో సగం వెనక్కి పోయి నలుపు మింగేస్తుంది. తెలుపు దాన్ని తిరిగి ముందుకు కొడుతుంది. తెల్ల కోటు ఆరాక పల్చగా రెండు మూడు కోట్లు వెయ్యి. డబ్బాలో రంగు అడుగుకి దిగిపోతుంది, ప్రతిసారీ కలుపుతూ ఉండు. లేత గులాబీ కావాలని ఫ్లోరోసెంట్ గులాబీలో తెల్ల పెయింటు కలపడం మాత్రం కొత్తవాళ్ళందరూ చేసే తప్పు, నేనూ చేశాను. తెల్ల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడ్ అతినీలలోహితాన్ని తనే తాగేస్తుంది. చెంచాడు కలిపినా వెలుగు చచ్చిపోతుంది. కింద కోటుగా తెలుపు మిత్రుడు, డబ్బాలో శత్రువు. ఒక ఫ్లోరోసెంట్‌ని ఇంకో ఫ్లోరోసెంట్‌తో కలుపుకోవచ్చు, పసుపూ గులాబీ కలిపితే మంచి నారింజ వస్తుంది.

స్టేషనరీ షాపులో దొరికే ఫ్లోరోసెంట్ చార్టు కూడా బాగానే వెలుగుతుంది, పుట్టినరోజు పార్టీలకి చాలు. వానాకాలం తేమకి చుట్టుకుపోతుంది, పర్మనెంటు పనికి వద్దు. తెల్ల కాగితం నీలంగా మెరుస్తుంది కదా, అదే వాడొచ్చా అని నువ్వు అడిగావు. ఆ మెరుపు తెల్లదనం కోసం కాగితంలో కలిపే టినోపాల్ లాంటి మందుది. బట్టల సబ్బుపొడిలో ఉండేది కూడా అలాంటిదే. ఊదా గదిలో ఆ నీలం తేలిపోతుంది, చదవడానికి పనికిరాదు. కానీ దాని వల్ల ఒక ఇబ్బంది ఉంది. నల్ల గోడ మీద తెల్ల నూలు పోగులు, దుమ్ము, సబ్బు మరకలు, అన్నీ చుక్కల్లా వెలుగుతాయి. బోర్డు బిగించాక సబ్బునీళ్ళతో తుడవకు, తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మెరిసే నలుపు కాకుండా మ్యాట్ నలుపు ఉండాలి. లేకపోతే ట్యూబు ప్రతిబింబం అడ్డంగా గీతలా కనపడుతుంది.

రంగు ఎంపికలో ఎక్కువ ఆలోచించకు. చదవాల్సినవన్నీ ఆకుపచ్చ పసుపు కలిసిన రంగులో, నిమ్మకాయ రంగంటామే అందులో చెయ్యి. మన కంటికి అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది అదే. నారింజ రెండో స్థానం. గులాబీ బోర్డరుకి, బొమ్మలకి బాగుంటుంది. ఎరుపు నీరసం. నీలం, ఊదా ఫ్లోరోసెంట్లు బ్లాక్ లైట్ కారే ఊదాలోనే కలిసిపోతాయి. ఓనరుకి నీలం ఇష్టమైతే చందమామకి వేసిపెట్టు, అక్షరాలకి కాదు.

అక్షరాల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి చేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. చీకట్లో వెలిగే అక్షరం ఉన్నదానికన్నా లావుగా కనపడుతుంది. వెలుగు అంచులు దాటి పక్కకి పాకుతుంది. ఇంగ్లీషు ఎల్, టీ లాంటి గీతల అక్షరాలకి నష్టం లేదు. మనది గుండ్రాల లిపి. గుడి లోపలి ఖాళీ, ఏత్వం వంపు, ఒత్తు కింద సందు, ఇవన్నీ మూసుకుపోతాయి. ప, వ, మ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. ఒరియా ఇంకా కష్టం. ప్రతి అక్షరం పైన గొడుగు పట్టుకుని ఉంటుంది, తేడా అంతా గొడుగు కింద ఉండే చిన్న మెలికలోనే. గొడుగులు వెలిగి మెలికలు మూసుకుపోతే బోర్డంతా ఒకే అక్షరం వరసగా రాసినట్టుంటుంది. కాబట్టి బోల్డ్ ఫాంటు వద్దు. పగటి బోర్డుకి వాడే దానికన్నా సన్నది తీసుకో, అక్షరాల మధ్య ఎడం పెంచు. సైజుకి బోర్డులవాళ్ళ పాత లెక్క 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి. తెలుగుకి, ఒరియాకి నేను ఒకటిన్నర వేస్తాను, ఒత్తు లెక్కలో పట్టకుండా. నీ గది 20 అడుగులన్నావు, అంటే ఇంగ్లీషు 2 అంగుళాలు, మనవి 3. ముందు ఒక్క పదం చేసి, గదిలో అవతలి మూల నుంచి చిన్నపిల్లాడితో చదివించు. నీకు ఏం రాశావో తెలుసు కాబట్టి నీ కన్ను అబద్ధం చెప్తుంది.

లైటు ఎక్కడ పెట్టాలో నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. బోర్డుకి మూడు నాలుగు అడుగుల దూరంలో, పైనుంచి ఏటవాలుగా, ముందు రేకు అడ్డం పెట్టి బిగించమను. కంటికి అక్షరమే కనపడాలి, లైటు కనపడకూడదు. ఎదురుగా బ్లాక్ లైట్ చూస్తే కళ్ళ ముందు పొగమంచు కమ్మినట్టుంటుంది. మన కంటి లెన్సు కూడా ఆ కిరణానికి కాస్త మెరుస్తుంది, అందుకే అలా. 365 ఎల్ఈడీ ఫ్లడ్ లైటు నీరసంగా కనపడుతోంది కదా అని పిల్లలు తేరిపార చూస్తారు, అందుకని కూడా అడ్డం ఉండాలి. గదిలో ఎవరూ లేనప్పుడు లైట్లు ఆపెయ్యమను. ఎండకి వెలిసినట్టే ఈ లైటుకి కూడా రంగు వెలుస్తుంది, కాకపోతే నెమ్మదిగా. కిటికీ ఉంటే మూయించు. ఇదే వినైల్ బయట ఎండలో పెడితే నెలల్లోనే పాలిపోతుంది.

ఇంకో సంగతి. హాలు ఓపెనింగ్ రోజున పిల్లలకి పులి వేషం వేయిస్తారట, మెరిసే రంగు మిగిలితే ముఖాలకి పూస్తామన్నారని రాశావు. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రలో బాఘ వేషాలు వేస్తారు, ఆ మోజు నాకూ తెలుసు. కానీ బోర్డుల రంగు ఒంటికి పుయ్యనివ్వకు. గులాబీ ఫ్లోరోసెంట్లలో వాడే రోడమిన్ అనే అద్దకం పీచుమిఠాయిలో దొరికిందనే 2024లో తమిళనాడులో దాని అమ్మకాలు ఆపించారు. ఒంటికని తయారుచేసిన ఫేస్ పెయింటు వేరే దొరుకుతుంది, అది కొనుక్కోమను. ఊరికే సరదాకి కావాలంటే స్పిరిట్‌లో చిటికెడు పసుపు కలిపి సీసాలో పోసి బ్లాక్ లైట్ దగ్గర పెట్టు. పచ్చటి దీపంలా వెలుగుతుంది. బోర్డుకి మాత్రం పనికిరాదు, వెలుతురుకి పసుపు నిలవదు.

ఇప్పుడు నక్షత్రాల సరుకు దగ్గరికి వద్దాం. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో మీ గజపతి జిల్లాని ఏం చేసిందో నేను చెప్పక్కర్లేదు. తుఫాను దాకా ఎందుకు, మామూలు గాలివానకే కరెంటు పోతుంది. కరెంటు పోతే బ్లాక్ లైట్ పోతుంది, దాంతోపాటే నీ 11 బోర్డులూ ఒక్క క్షణంలో ఆరిపోతాయి. నల్ల గోడలు, లోపల 20 మంది పిల్లలు, తలుపు ఎటో తెలీదు. కాబట్టి బయటికి దారి చూపించే బోర్డూ, తలుపు చుట్టూ పట్టీ, మెట్టు అంచూ ఫ్లోరోసెంట్‌తో చెయ్యకు. స్ట్రాన్షియం అల్యూమినేట్ షీటుతో చెయ్యి. దానికి అతినీలలోహితం అంటే విందు భోజనం. నీ బ్లాక్ లైట్లు వెలుగుతున్నంతసేపూ అది కడుపు నింపుకుంటూనే ఉంటుంది, లైటు పోయిన క్షణమే ఆకుపచ్చగా వెలిగి నిలబడుతుంది. బ్యాటరీతో వెలిగే ఎమర్జెన్సీ లైటు కూడా తలుపు మీద పెట్టమని ఓనరుకి గట్టిగా చెప్పు. ఆ ఖర్చు ఎందుకని అతను అడిగితే, బిగించిన రోజే ఒకసారి మెయిన్ ఆపి చూపించు.

తెచ్చిన రేడియం షీటు పారెయ్యకు. పాతపట్నం రోడ్డు మీద తిరిగే ట్రాక్టర్ ట్రాలీలకి వెనకవైపు అంటించడానికి అదే కావాలి, కోతల సీజన్‌లో అమ్ముడైపోతుంది.

నీ ఆర్డరుకి నేనైతే ఆట పేర్లు ఏడూ నల్ల ప్రింటు కొట్టిన నిమ్మకాయ రంగు వినైల్ మీద, సన్‌బోర్డ్‌కి అతికించి చేస్తాను. బాణాలు నారింజ అక్రిలిక్, దారి బోర్డు స్ట్రాన్షియం షీటు. ముందు ఒక బోర్డుకి సరిపడా వినైలే కొను. ఓనరు లైట్లు నిజం బ్లాక్ లైట్లో స్ట్రిప్ లైట్లో నోటు పెట్టి చూసి, గది కొలతలతోపాటు లైటుకీ బోర్డుకీ మధ్య దూరం కూడా రాసి పంపు. అది తెలిస్తే ఎన్ని ట్యూబులు పడతాయో లెక్క వేసి చెప్తాను.